స్లాలమ్ వాటర్ స్కీలో (పడవ లాగుతుంటే నీటి మీద జారే ఒంటి పలక) ఇన్సర్టు ఊడితే బాగుచేయాలా, స్కీ పక్కన పెట్టాలా?

గట్టుమీద: బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ ప్లేటు ముందు మూలలో ఒక ఇన్సర్టు (స్క్రూ బిగించడానికి స్కీలో పాతిన మరల గొట్టం) స్క్రూతో పాటే తిరుగుతోంది, బిగియడం లేదు. మిగతా స్కీ గట్టిగా ఉంది. ఎపాక్సీ జిగురుతో అతికిస్తే ఆగుతుందా?

నీటిచాలు: వద్దండీ. మలుపులో లాగుడంతా ముందు పాదం మీదే. ఒక మూల లేచిందంటే ప్లేటు మెలితిరుగుతుంది, పాదం మాత్రం బూటులోనే ఉంటుంది. పూర్తిగా ఊడినా నయమే, సగం ఊడితేనే చీలమండకు ప్రమాదం.

పాతపానా: ప్రమాదం నిజమే. కానీ ముందు కారణం చూడండి. ప్లేటు మందానికి సరిపోని పొడుగు స్క్రూ వేస్తే దాని మొన ఇన్సర్టు అడుగుకు తగిలి, బిగించేకొద్దీ ఇన్సర్టునే పైకి తోస్తుంది. చాలావాటికి ఇదే జబ్బు. ఆ స్క్రూ మార్చకుండా ఎంత అతికించినా మళ్లీ ఊడుతుంది.

అతికించేటప్పుడు ఇన్సర్టు బయటికి తీసి, రంధ్రంలోని పాత జిగురు గీకేయండి. డ్రిల్ బిట్‌కు టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోవాలి, లేకపోతే అడుగు చిల్లు పడుతుంది. 5 నిమిషాల ఎపాక్సీ వద్దు, నెమ్మదిగా గట్టిపడేదే వాడండి. అందులో సన్నగా కత్తిరించిన గాజునార కలిపితే పట్టు పెరుగుతుంది. పాలిస్టర్ రెసిన్ జోలికి పోకండి, లోపల పాలీస్టైరీన్ నురగ ఉంటే కరిగిపోతుంది. స్క్రూకు మైనం రాసి, ప్లేటు కింద పల్చటి ప్లాస్టిక్ పరిచి, ప్లేటుతో సహా వదులుగా బిగించి 24 గంటలు వదిలేయండి. అప్పుడే ఇన్సర్టు ప్లేటు రంధ్రానికి సూటిగా కుదురుతుంది.

నీటిచాలు: పద్ధతి బాగుంది. మరి ఆ రంధ్రంలోంచి దిగిన నీళ్ల సంగతో? స్కీ లోపలి గుజ్జు తడిగా ఉంటే ఎపాక్సీ అంటదు. అమెరికాలో చలి బాగా ఉండే మిన్నెసోటా లాంటి చోట చలికాలం గ్యారేజీలో ఉంచితే, ఆ నీళ్లు గడ్డకట్టి ఉబ్బి పొరలనే విడగొడతాయి.

పాతపానా: అక్కడ మీ మాటే నాది. వెచ్చటి పొడి గదిలో రంధ్రం కిందికి ఉండేలా నిలబెట్టి రోజూ తూకం వేయండి. బరువు తగ్గడం ఆగితేనే ఎపాక్సీ. నాణెంతో తడితే ఒకచోట బోలుగా మోగినా, బొటనవేలితో నొక్కితే దిగినా, ఆ స్కీ పని అయిపోయింది.

గట్టుమీద: స్క్రూ వదులు కాకుండా మరలకు రాసే జిగురు, థ్రెడ్‌లాకర్ వేయొచ్చా?

పాతపానా: నీలం రంగుది ఒక్క చుక్క. ఎర్రది వేస్తే తీయడానికి వేడిచేయాలి, ఆ వేడికి ఇన్సర్టు చుట్టూ ఉన్న ఎపాక్సీ మెత్తబడుతుంది.

నీటిచాలు: అది కూడా ఎపాక్సీ పూర్తిగా ఆరాకే. మొదటి రోజు ప్రతి రెండు రౌండ్లకూ ఒడ్డుకొచ్చి ఆ మూల చేత్తో లాగి చూడండి.