ఆస్టిన్ డౌన్‌టౌన్: ఎదుటి పార్కింగ్ లాట్‌లో టవర్ వస్తే వ్యూ పోతుందా?

ప్రశ్న: 12వ అంతస్తులో కాండో. ఎదురుగా ఖాళీ పార్కింగ్ లాట్, జోనింగ్ సీబీడీ (డౌన్‌టౌన్ నడిబొడ్డు వ్యాపార ప్రాంతం). సిటీ కౌన్సిల్ సరేనంటే ఎంత ఎత్తయినా లేపేస్తారా అండీ?

జవాబు 1: ముందు ఆ లాట్ కాపిటల్ వ్యూ కారిడార్‌లో (రాష్ట్ర కాపిటల్ భవనం డోమ్ కనబడేలా, ఎత్తు కట్టడాలు అడ్డు రాకుండా ఉంచే చూపు దారి) ఉందేమో మ్యాప్‌లో చూడండి. దాన్ని కాపాడేది 1983 నాటి టెక్సాస్ రాష్ట్ర చట్టం. కౌన్సిల్‌లో 11 మందీ చేతులెత్తినా దాన్ని దాటలేరు.

కారిడార్‌లో ఎంత ఎత్తు కట్టొచ్చో లెక్క ఇలా. డోమ్ అడుగుభాగం సముద్రమట్టానికి 653 అడుగులు. వ్యూ పాయింట్ (డోమ్‌ని చూసే చోటు) 500 అనుకుందాం. లాట్ ఆ రెంటికీ సరిగ్గా సగం దూరంలో ఉంటే చూపు గీత 576.5 దగ్గర పోతుంది. అక్కడి నేల 490లో ఉంటే, బిల్డింగుకు మిగిలేది 86.5 అడుగులే. చాలామంది 576ని బిల్డింగ్ ఎత్తనుకుని కంగారుపడతారు!

జవాబు 2: లాట్‌లో ఒక మూలే కారిడార్‌లో ఉంటే సంబరపడకండి. ఆ మూల పొట్టి పోడియం (టవర్ కింది వెడల్పాటి భాగం) కట్టి, టవర్‌ని రెండో మూలకు జరుపుతారు. కారిడార్ గీత లాట్‌లో ఎక్కడ పోతుందో చూపే సర్వే షీట్ అడిగి చూడండి.

జవాబు 3: కారిడార్ బయటైతే ఎత్తు కథే వేరు. డౌన్‌టౌన్‌లోని వాటర్‌లైన్ టవర్ వెయ్యి అడుగులు దాటింది. సీబీడీలో ఏళ్ల తరబడి నడిచిన లెక్క ఎఫ్‌ఏఆర్ 8 (అన్ని అంతస్తుల వైశాల్యం కలిపి లాట్‌కి ఎనిమిది రెట్లు): 20,000 చదరపు అడుగుల లాట్‌కి 1,60,000. ఫ్లోర్‌కి 10,000 వేస్తే 16 అంతస్తులు, 5,000 వేస్తే 32. పార్కింగ్ అంతస్తులు ఇందులో కలవవు, అవి అడుగున అదనం. బోనస్ (సిటీ ఇచ్చే అదనపు కట్టడపు అనుమతి) తీసుకుంటే ఇంకా పైకి.

ప్రశ్న అడిగినవారు: లాట్ సగం కారిడార్‌లోనే ఉందండీ. సర్వే షీట్ అడుగుతా.