కత్తికి పిడి వేయడం, మెడలో వేసుకునే చిన్న కత్తి: ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న

నమస్కారం. మా ఊరి కమ్మరి చేత లారీ కమాను పట్టీతో రెండు కత్తి అలుగులు కొట్టించుకున్నాను. ఒకటి వంటింట్లో కూరగాయలకు, రెండోది వేలెడంత పొడవున్న చిన్నది. పెద్దదానికి నా చేతులతో నేనే పిడి వేయాలని, చిన్నదాన్ని ఒరలో పెట్టి మెడలో వేలాడేలా తయారుచేయాలని కోరిక. తోటలో అంట్లు కట్టేటప్పుడు ఒక చేయి ఎప్పుడూ కొమ్మ మీదే ఉంటుంది కనుక, జేబులో వెతుక్కునే కత్తి కన్నా ఛాతీ మీద ఉండే కత్తి అనువని నా ఆలోచన. నా దగ్గర చేతిరంపం, ఆకురాళ్లు, చిన్న డ్రిల్లింగ్ మిషన్ ఉన్నాయి. ఏ చెక్క తీసుకోవాలో, పిడిని ఎలా బిగించాలో, మెడలో వేసుకోవడం ఎంతవరకు క్షేమమో అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1

పెద్ద కత్తితోనే మొదలుపెట్టండి. రోజూ వాడే కత్తి అయితే పిడి ఎక్కడ అరచేతికి ఒత్తుకుంటున్నదో, ఎక్కడ జారుతున్నదో త్వరగా తెలుస్తుంది, ఆ తెలివిడి చిన్నదానికి పనికివస్తుంది.

చెక్క చేవదేలినదై, పూర్తిగా ఆరినదై ఉండాలి. తుమ్మ చేవ, చింత చేవ రెండూ గట్టివి, నున్నగా మెరుగుదేలుతాయి. పాత మంచం కోడు నుంచో విరిగిన కుర్చీ నుంచో టేకు, జిట్రేగి (రోజ్‌వుడ్) ముక్క దొరికితే ఇంకా మంచిది, అది ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. పచ్చి చెక్కతో వేసిన పిడి ఎండాకాలం వచ్చేసరికి కుంచించుకుపోయి, ఇనుము అంచు పైకి తేలి చేతికి గుచ్చుకుంటుంది. కొండపల్లి బొమ్మలకు వాడే పొణికి, ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు చెక్కడానికి ఎంత హాయిగా ఉన్నా, కత్తి పిడి మీద పడే ఒత్తిడికి, తడికి ఆగవు.

కొడవలికైతే మన కమ్మరులు సన్నటి తోకను, అంటే అలుగు వెనక పిడిలోకి వెళ్లే భాగాన్ని, కాల్చి చెక్కలోకి దిగగొడతారు, చెక్క చీలకుండా మూతి దగ్గర పొన్ను (లోహపు కట్టు) వేస్తారు. మీ అలుగు తోక పిడి అంత వెడల్పు ఉన్నట్లయితే, రెండు పక్కలా పలకలు అతికించే పద్ధతి కొత్తవారికి తేలిక. పలకలు 6 మిల్లీమీటర్ల మందం, వాటిని తోకతో కలిపి పట్టి ఉంచడానికి అడ్డంగా రెండుచోట్ల 3 మిల్లీమీటర్ల ఇత్తడి చువ్వ చాలు. గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి చెక్క లోపలి ముఖాన్ని దానిపై రుద్దండి, తరువాత తోకకు ఆనించి వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. సందులోంచి గీత గీసినట్లు వెలుగు కనిపిస్తున్నంతసేపూ ఇంకా రుద్దవలసిందే. ఈ ఒక్క పనికి తొందర పడకపోతే మిగతాదంతా సులువవుతుంది.

అలుగు వైపు వచ్చే పలకల ముందు అంచును మాత్రం అతికించక ముందే గుండ్రంగా తీర్చి నునుపు చేయాలి, ఎందుకంటే అతికించాక అక్కడ ఉప్పుకాగితం ఆడిస్తే అలుగు మీద గీతలు పడతాయి. నెమ్మదిగా గట్టిపడే రకం అరల్డైట్ జిగురు తీసుకుని, తోకను గరుకు చేసి జిడ్డు పోయేలా అసిటోన్‌తో తుడిచి అతికించండి. క్లాంపు మరీ బిగిస్తే జిగురంతా బయటికి పోయి లోపల పట్టు మిగలదు. ఒక రోజంతా కదపకండి. చివర అవిసె నూనెను పలచగా పట్టించండి కానీ, ఆ నూనె గుడ్డను ఉండచుట్టి మూలన పడేస్తే దానంతట అదే వేడెక్కి అంటుకోగలదు, కనుక విడిగా పరచి ఆరబెట్టండి.

జవాబు 2

మెడ కత్తికి ప్రాణం ఒరలో ఉంటుంది. సాధారణంగా దాన్ని తలకిందులుగా, అంటే పిడి కిందికి ఉండేలా వేలాడదీస్తారు, అందువల్ల కత్తిని పట్టి ఉంచేది ఒర బిగువు ఒక్కటే. తోలు చెమటను పీల్చుకుంటుంది, కమాను ఇనుము తుప్పు పడుతుంది. కాబట్టి మన ఎండలకు కైడెక్స్ వంటి ప్లాస్టిక్ రేకు మేలు. దాన్ని మెత్తబడేదాకా వేడిచేసి, అలుగు చుట్టూ చుట్టి, స్పాంజి పలకల మధ్య నొక్కిపెడితే చల్లారేసరికి అదే ఆకారానికి గట్టిపడుతుంది. మాడే వరకు వేడిచేయకూడదు, గాలి ఆడే చోటే చేయాలి. తయారైన ఒరను మెడలో వేసుకోక ముందే పరుపు మీద తలకిందులుగా పట్టి గట్టిగా దులపండి. కత్తి కదలకూడదు, అదే బొటనవేలితో ఒరను నెడితే మాత్రం తేలికగా ఊడిరావాలి.

తాడు గురించి మరీ మరీ చెబుతున్నాను. పారాచూట్ తాడు 550 పౌండ్ల బరువు ఆపుతుంది, కొమ్మకో యంత్రానికో చిక్కుకుంటే అది తెగదు, మెడ బిగుసుకుంటుంది. అందుకే సన్నటి పూసల గొలుసు గానీ, గట్టిగా లాగితే విడిపోయే క్లిప్పు గానీ తప్పనిసరి. చెట్టెక్కేటప్పుడు, తిరిగే యంత్రాల దగ్గర అసలే వేసుకోవద్దు. పిడి మూడు వేళ్లకు అందితే చాలు, పలకలు 3 మిల్లీమీటర్లకు మించితే చొక్కా కింద ఒత్తుకుంటాయి.

జవాబు 3

రెండు మాటలు. విదేశీ వీడియోల్లో పిడికి దుప్పికొమ్ము వాడడం చూసి మీరు వెతకవద్దు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. గేదె కొమ్ము చక్కగా పనిచేస్తుంది. ఎర్రచందనం ముక్క ఎవరిచ్చినా తీసుకోకండి. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాలకు మించిన పొడవు లేదా 2 అంగుళాలకు మించిన వెడల్పు ఉన్న అలుగుల ప్రస్తావన ఉంది, ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మీది చిన్నదే అయినా తోట దాటాక మెడలోంచి తీసేయండి, బజారులో చొక్కా కింద కత్తి కనబడితే పోలీసులకు సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. కొమ్ము, జిట్రేగి రాకేటప్పుడు ఎన్-95 మాస్కు పెట్టుకోండి, ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం. కమ్మరి అలుగును కాల్చి ముంచి గట్టిపరిచేటప్పుడు తోక కూడా గట్టిపడింది, మామూలు డ్రిల్ బిట్టు దిగడం లేదు. ఏం చేయాలి?

జవాబు 1 రాసినవారు

కమ్మరి దగ్గరికే తీసుకెళ్లండి. అలుగును నీళ్లలో ఉంచి తోకను మాత్రమే ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లారనిస్తే, అలుగు గట్టిదనం చెడకుండా తోక మెత్తబడుతుంది, ఆపైన మామూలు బిట్టే దిగుతుంది. రంధ్రాలు పలకలు కోయక ముందే వేయించుకోండి, అప్పుడు తోకనే మూసగా పెట్టి చెక్కకు రంధ్రాలు వేయవచ్చు.