బ్రెయిన్ స్టెమ్‌లో చిన్న స్ట్రోక్, ఇన్ని ఇబ్బందులా?

సునంద: నాన్నగారికి స్ట్రోక్ వచ్చి వార్డులో ఉన్నారు. స్కాన్‌లో మచ్చ చాలా చిన్నది, మెదడును వెన్నుపాముతో కలిపే కాడలాంటి బ్రెయిన్ స్టెమ్‌లో అన్నారు. కాళ్ళూ చేతులూ బాగానే ఆడుతున్నాయి. కానీ మింగలేరు, గొంతు బొంగురుపోయింది, ఎక్కిళ్ళు ఆగట్లేదు. పక్క బెడ్ ఆయనకు చెయ్యి పూర్తిగా పడిపోయినా అన్నం తింటున్నారు. ఎందుకిలా?

ఐసీయూ_నర్స్: చోటు ఇరుకు, పనులు ఎక్కువ, అందుకండీ. స్టెమ్ కింది భాగం మెడుల్లా, స్కూల్లో మజ్జాముఖం అని చదివాం కదా, పొడవు దాదాపు 3 సెంటీమీటర్లే. ఊపిరి, గుండె వేగం, బీపీ, మింగడం, దగ్గు, వాంతి అన్నీ అక్కడినుంచే నడుస్తాయి. మీరు చెప్పిన ఎక్కిళ్ళు, బొంగురు గొంతు మెడుల్లా పక్కభాగం దెబ్బతిన్నప్పుడు తరచుగా చూస్తాం. మింగే పరీక్ష అయ్యేదాకా నోటితో చుక్క నీళ్ళు కూడా పట్టకండి. దగ్గు రాకుండానే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కొన్ని వారాల్లో మళ్ళీ మింగగలిగినవాళ్ళను చాలామందిని చూశాను.

ఫిజియాలజీ_విద్యార్థి: ఊపిరి లయ పుట్టించే కణాల గుంపు కూడా మెడుల్లాలోనే ఉంది, ప్రీ-బోట్జింగర్ కాంప్లెక్స్. 1991లో గుర్తించారు.

ఈత_కోచ్: ఊపిరి సంగతి వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఊపిరి బిగబట్టినప్పుడు ఉక్కిరిబిక్కిరి చేసేది ముఖ్యంగా రక్తంలో పెరిగే కార్బన్ డయాక్సైడ్. మెడుల్లా దాన్ని కనిపెట్టి తొందరపెడుతుంది. మునిగే ముందు గబగబా ఊపిరి పీల్చి వదిలితే ఆ వాయువు తగ్గిపోతుంది, హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఈలోగా ఆక్సిజన్ అయిపోతుంది. మా దగ్గర ఒక కుర్రాడు ఇలాగే నీటి అడుగున స్పృహ తప్పాడు. పక్కనే ఉన్నాం కాబట్టి లాగేశాం. పిల్లలకు దయచేసి చెప్పండి.

పాప_అమ్మ: జ్వరం కూడా స్టెమ్ పనేనా? మా పాపకు 39 డిగ్రీలున్నా చలి అని వణికిపోతుంది.

ఫిజియాలజీ_విద్యార్థి: అది స్టెమ్ పైనుండే హైపోథలామస్ అనే మెదడు భాగం పని. ఇన్ఫెక్షన్ వస్తే శరీర వేడి ఎంత ఉండాలో ఆ లెక్కను అదే పెంచుతుంది. అంతవరకూ చేరడానికి వణుకు. పారాసిటమాల్ ఆ లెక్కను కిందికి దించుతుంది, అప్పుడు చెమట పడుతుంది.

సునంద: నర్స్ గారూ, ఇంకొక్కటి. పగలు ఊపిరి సరిగ్గానే ఉంటోంది, నిద్రలో మాత్రం ఆగి ఆగి వస్తోంది.

ఐసీయూ_నర్స్: మెలకువలో మెదడు పైభాగాలు కూడా ఊపిరికి సాయం చేస్తాయి, నిద్రలో ఆ సాయం తగ్గుతుంది. ఇప్పుడే డ్యూటీ నర్సుకు చెప్పండి, పొద్దుటిదాకా ఆగొద్దు. నిద్రమాత్ర గానీ, మార్ఫిన్ లాంటి నొప్పి మందు గానీ ఇస్తున్నారేమో అడగండి, అవి ఊపిరిని ఇంకా మందగింపజేస్తాయి.