అప్‌డేట్: డి డ్రైవ్‌లో ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ సమస్య తీరింది

నాన్నగారి షాపు లెక్కల సాఫ్ట్‌వేర్ డి డ్రైవ్‌లోని పాత ఫోల్డర్‌లో ఇన్‌స్టాల్ కావడం లేదని, ‘రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్’ ఇచ్చినా ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అంటోందని అడిగాను కదా. ఇప్పుడు పనిచేస్తోంది. సాయం చేసిన అందరికీ చాలా థాంక్స్.

ఆ డ్రైవ్ పాత కంప్యూటర్‌ది. బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొత్త సిస్టమ్ కట్టించినప్పుడు దాన్నే ఇందులో పెట్టించాం. మీరన్నట్టు ఆ ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ, అడ్వాన్స్‌డ్ తెరిచి చూస్తే ఓనర్ పేరు ఉండాల్సిన చోట ఎస్-1-5-21తో మొదలయ్యే పొడవాటి నంబర్ ఉంది. అది పాత విండోస్‌లోని అకౌంట్ గుర్తింపు. కొత్త విండోస్‌లో యూజర్ పేరు అదే పెట్టినా ఈ నంబర్ మారిపోతుంది. ఫోల్డర్ పర్మిషన్ ఆ పాత నంబర్‌కే ఉండిపోయింది.

ఓనర్‌గా ఇప్పటి నా అకౌంట్‌ని పెట్టి, లోపలి ఫోల్డర్లకూ వర్తించే టిక్ పెట్టాను. అంతటితో సరిపోదు, విడిగా మన అకౌంట్‌కి ‘ఫుల్ కంట్రోల్’ కూడా ఇవ్వాలి. ‘ఎవ్రీవన్’కి, అంటే ఈ కంప్యూటర్‌లోని అన్ని అకౌంట్లకీ ఇచ్చేయమని ఒకరు అన్నారు కానీ నేను ఇవ్వలేదు. ఇంట్లో పిల్లల అకౌంట్ కూడా ఉంది, లెక్కల ఫైళ్లు ఎవరైనా చెరిపేయొచ్చు.

సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ మీద మాత్రం ఇది చేయకండి. అక్కడ ఓనర్‌గా ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ (సిస్టమ్ ఫైళ్లను కాపాడే విండోస్ సొంత అకౌంట్) కనిపిస్తే అలాగే ఉంచండి.