గిఫ్ట్ కార్డులో మిగిలిన 6 డాలర్లు నగదుగా ఇవ్వరా? (కాలిఫోర్నియా)

గోదారమ్మాయి:
మేం ఫ్రీమాంట్‌లో ఉంటాం. పాప పుట్టినరోజుకి వచ్చిన బట్టల షాపు గిఫ్ట్ కార్డులో అన్నీ కొన్నాక 6 డాలర్ల 40 సెంట్లు మిగిలాయి. ఆ షాపుతో మళ్ళీ పని లేదు, డబ్బులు ఇచ్చేయమంటే కౌంటర్లో అమ్మాయి కార్డు తిప్పి వెనకాల సన్న అక్షరాల్లో ‘నగదుగా మార్చుకోలేరు’ అన్న లైను చూపించింది. వెనక జనం నిలబడి ఉన్నారని ఇంకేం అనలేక వచ్చేశాను. చిన్న మొత్తమే, కానీ వదిలేయడానికి మనసొప్పట్లేదు. కార్డు మీద తేదీ కూడా లేదు, ఎన్నాళ్ళు చెల్లుతుంది?

బెజవాడ1987:
ఇవ్వాల్సిందేనండి. ఆ లైను చివరి దాకా చదవండి, ‘చట్టం ప్రకారం ఇవ్వాల్సిన చోట తప్ప’ అని చాలా కార్డుల మీద ఉంటుంది. కాలిఫోర్నియాలో షాపు కార్డులో ఇలా కొద్ది మొత్తమే మిగిలితే అడిగినవాళ్ళకి నగదు ఇవ్వాలి, కార్డుకి గడువు పెట్టకూడదు. చదువుకునే రోజుల్లో నేనూ షాపులో పనిచేశాను, కొత్తవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పరు. రద్దీ లేనప్పుడు వెళ్ళి మేనేజర్ని అడగండి. కాదంటే రాష్ట్ర అటార్నీ జనరల్ ఆఫీసుకి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు.

డాలస్‌బాబు:
మీరు నయం. మా టెక్సస్‌లో రెండున్నర డాలర్ల లోపైతేనే ఇస్తారు. న్యూజెర్సీ, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 5 డాలర్ల లోపు. మసాచుసెట్స్‌లో లెక్క వేరు, కార్డులో 90 శాతం వాడేస్తే మిగతాది నగదుగా అడగొచ్చు. అంటే 50 డాలర్ల కార్డులో 45 ఖర్చయ్యాక అన్నమాట.

లక్ష్మి_ఎస్:
అన్ని కార్డులూ ఒకటి కాదు, ఇక్కడే చాలామంది పొరపడతారు. ఎక్కడైనా గీకే వీసా, మాస్టర్‌కార్డ్ గిఫ్ట్ కార్డులకి ఆ కాలిఫోర్నియా రూలు వర్తించదు. వాటికి ఫెడరల్ చట్టమే దిక్కు, డబ్బుకి కనీసం 5 ఏళ్ళ గడువు ఉండాలి, కానీ 12 నెలలు వాడకుండా ఉంచితే నెలనెలా ఫీజు కోసుకోవచ్చు. మా అత్తయ్యగారికి వచ్చిన కార్డు సొరుగులో పడి ఉండి అలాగే కరిగిపోయింది, ఆవిడ ఎంత బాధపడ్డారో. ‘50కి కొంటే 10 ఉచితం’ అని అదనంగా ఇచ్చే కార్డులకీ గడువు పెట్టొచ్చు, ముందు వాటినే వాడేయండి.

గోదారమ్మాయి:
అందరికీ చాలా థ్యాంక్సండి. మంగళవారం పొద్దున వెళ్ళి మేనేజర్ని అడిగాను, కార్డు గీకి 6 డాలర్ల 40 సెంట్లూ చేతిలో పెట్టారు. కౌంటర్లో అమ్మాయిని కూడా పిలిచి ఎలా చేయాలో చూపించారు.