పాత స్టీరియో రిసీవర్ బాగు చేయించాలా, కొత్త ఆంప్లిఫయర్ కొనాలా?

మాది విజయనగరం. నాన్నగారు వాడిన 1978 నాటి జపాన్ స్టీరియో రిసీవర్ (రేడియో, ఆంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండేది) ఇంట్లో ఉంది. ఛానల్‌కి 45 వాట్లు, 8 ఓమ్స్ స్పీకర్లు. ఆన్ చేసిన కాసేపటికే ఎడమ ఛానల్ గరగరమంటూ తగ్గిపోతోంది. వాల్యూమ్ బాగా పెంచితే టప్పున తిరిగొస్తుంది, తగ్గించగానే మళ్లీ పోతుంది.

స్పీకర్ వైర్లు అటూ ఇటూ మార్చి చూశాను, లోపం ఎడమ ఛానల్‌లోనే. వాల్యూమ్ కంట్రోల్‌లో, స్విచ్‌లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టాను. పవర్ సప్లైలో పెద్ద కండెన్సర్లు మార్పిస్తే హమ్ పోయింది గానీ ఇది పోలేదు. స్పీకర్ టెర్మినల్స్ దగ్గర డీసీ వోల్టేజీ 20 మిల్లీవోల్టులు దాటలేదు, అంటే అక్కడ తేడా ఏమీ కనిపించలేదు. అందుకే నా అనుమానమంతా స్పీకర్ రిలే (ఆంప్లిఫయర్‌ని స్పీకర్లకి కలిపే ఆటోమేటిక్ స్విచ్) కాంటాక్టుల మీదే.

మెకానిక్ రిలేతో పాటు మిగతా కండెన్సర్లన్నీ మార్చాలని 14 వేలు అడుగుతున్నారు. ఆ డబ్బుకి కొత్త క్లాస్-డి (తక్కువ కరెంటుతో, తక్కువ వేడితో నడిచే రకం) ఆంప్లిఫయర్ వస్తుంది. కానీ వాటిలో చాలావాటికి ఫోనో ఇన్‌పుట్ (రికార్డ్ ప్లేయర్ తగిలించే చోటు) ఉండదు, రికార్డులకి ఆ సన్నటి సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్ విడిగా కొనాలి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ పెడితే కమాను తీగ మీద ఒరుసుకునే చప్పుడు కూడా దీంట్లో ఎంత దగ్గరగా వినిపిస్తుందో! అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు.

రెండూ విన్నవాళ్లు చెప్పండి: ఇవే స్పీకర్ల మీద, ఇంట్లో వినే మామూలు వాల్యూమ్‌లో, బాగు చేయించిన పాత రిసీవర్ కొత్త క్లాస్-డికి సాటి వస్తుందా?