నగరం ఎక్కడ ముగుస్తుంది? ప్రాంతానికి హద్దు గీసే పద్ధతులపై సందేహం

ప్రశ్న:
భూగోళశాస్త్రంలో ప్రాంతాన్ని ఏకరూప ప్రాంతం, క్రియాత్మక ప్రాంతం, ప్రణాళికా ప్రాంతం అని మూడు రకాలుగా చెబుతారు. ఒకే భూభాగానికి ఈ మూడు పద్ధతుల్లో మూడు వేర్వేరు హద్దులు వస్తున్నప్పుడు, నగరం ఫలానా చోట ముగుస్తుందని దేని ఆధారంగా నిర్ణయిస్తారు? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
ఏ అవసరానికి గీస్తున్నామన్నదాన్ని బట్టి హద్దు మారుతుందండీ. నేల, వర్షపాతం వంటి ఒక లక్షణం అంతటా ఒకేలా ఉంటే అది ఏకరూప ప్రాంతం. ఒక కేంద్రంతో రాకపోకల ద్వారా ముడిపడి ఉంటే క్రియాత్మక ప్రాంతం. ఒక పథకాన్ని అమలు చేయడానికి గీసుకున్నది ప్రణాళికా ప్రాంతం. క్రియాత్మక ప్రాంతంలో కేంద్రం నుంచి దూరమయ్యేకొద్దీ ఆ ముడి క్రమంగా సడలుతుందే తప్ప ఒక్కచోట తెగిపోదు కాబట్టి, ఎక్కడో ఒకచోట కొలమానం పెట్టుకోక తప్పదు. ఓఈసీడీ (ఆర్థిక సహకారం, అభివృద్ధి కోసం పనిచేసే దేశాల సంస్థ), ఐరోపా సమాఖ్య కలిసి రూపొందించిన పద్ధతిలో, మ్యాపును ఒక్కో చదరపు కిలోమీటరు గళ్లుగా విభజిస్తారు. ఒక్కోదానిలో కనీసం 1,500 మంది ఉన్న గళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉండి, వాటి మొత్తం జనాభా కనీసం 50,000 ఉంటే దాన్ని నగర కేంద్రంగా గుర్తిస్తారు. చుట్టుపక్కల ఉన్న స్థానిక పాలనా ప్రాంతాల్లో, ఉద్యోగుల్లో కనీసం 15 శాతం మంది ఆ నగరానికి పనికి వెళ్లివచ్చేవాటిని దాని రాకపోకల మండలంలో చేరుస్తారు. ఆ 15ను 25 చేస్తే, నేల మీద ఒక్క ఇల్లు కదలకపోయినా మ్యాపులో మండలం కుంచించుకుపోతుంది.

సమాధానం 2:
పై వివరణకు కొంత చరిత్ర జోడిస్తాను. 1933లో జర్మన్ భూగోళశాస్త్రవేత్త వాల్టర్ క్రిస్టాలర్ దక్షిణ జర్మనీ పట్టణాలను పరిశీలించి, ప్రతి పట్టణమూ చుట్టుపక్కలవారికి సరుకులు, సేవలు అందించే కేంద్రమని భావించి, వాటి పరిధులను షడ్భుజాలుగా ఊహించారు. అదే ఏడాది అమెరికాలో టెన్నెసీ నదీ లోయ అభివృద్ధికి ఏర్పడిన ప్రభుత్వ సంస్థ టెన్నెసీ వ్యాలీ అథారిటీ రాష్ట్రాల సరిహద్దులను పక్కనపెట్టి నదీ పరీవాహక ప్రాంతాన్నే ప్రణాళికకు ప్రాతిపదికగా తీసుకుంది. 1961 నాటికి ఫ్రెంచ్ భూగోళశాస్త్రవేత్త జీన్ గాట్‌మన్ బోస్టన్ నుంచి వాషింగ్టన్ వరకు ఉన్న నగరాల వరుస మొత్తాన్నీ ఒకే పట్టణ ప్రాంతంగా చూపించారు. నా దృష్టిలో వీటన్నిటిలో క్రిస్టాలర్ నమూనాయే ఎక్కువ జాగ్రత్తగా చదవవలసినది, ఎందుకంటే అది అన్ని దిక్కులా సమతలంగా, జనాభా సమానంగా పరచుకున్న నేలను ముందే అనుకుంటుంది. కొండ, నది, ఓడరేవు వచ్చిన చోట షడ్భుజం వంకర పోతుంది.

సమాధానం 3:
మొదటి సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక అభ్యంతరం చెప్పాలి. ఉద్యోగ ప్రయాణాలను మాత్రమే లెక్కిస్తే ఆసుపత్రికి వచ్చే రోగులు, చదువుకు వచ్చే విద్యార్థులు, ఇంటి పనులకోసం తిరిగే స్త్రీలు ఆ హద్దు నిర్ణయంలో లెక్కకే రారు. స్థలం ముందే సిద్ధంగా ఉన్న ఖాళీ పాత్ర కాదని, సామాజిక సంబంధాలే దాన్ని ఉత్పత్తి చేస్తాయని ఫ్రెంచ్ తత్వవేత్త హెన్రీ లెఫెవ్ర్ 1974లో వాదించారు. ప్రణాళికాకర్త కాగితం మీద చూసే స్థలమూ, అక్కడివారు రోజూ బతికే స్థలమూ ఒకటి కావన్న ఆయన విభజన ఇక్కడ చాలా ముఖ్యం. ప్రశ్న అడిగినవారు మురుగునీటి ప్రణాళికకు పరీవాహక హద్దును, రవాణాకు అన్ని రకాల ప్రయాణాలతో వచ్చే హద్దును విడివిడిగా గీసి, అవి ఎక్కడెక్కడ కలవడం లేదో ముందు చూడాలని నా సూచన.